ఊడిపోవు పండ్లేకదా!

కృష్ణానది సముద్రమును చేరు ఈ దిగువ డెల్టాలో, బందరు పురవీథులు మొదలుకొని గుడివాడ పరిసర గ్రామముల వఱకును, పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమలో అవనిగడ్డ, కోడూరు, నాగాయలంకల వఱకును, కులమతభేదము గాని, కలిమిలేముల తారతమ్యము గాని, చదివినవారు చదువనివారు అను అంతరము గాని లేక సర్వజనామోదము పొందిన సిద్ధాంతమొకటి కలదు. అయిదేండ్ల పిల్లవాని దవుడపన్ను నల్లబడి గుల్లయైనదని ఎవరేని చూపినచో, “ఊడిపోయే పళ్లేగదండీ, వాటికింత హైరానా ఎందుకు?” అని తల్లి యనును, “మళ్లీ కొత్తవి వస్తాయిలేమ్మా” అని నాయనమ్మ సమర్థించును, ప్రక్కింటి మాష్టారు తలయూపును, ఒక్కొక్కప్పుడు జ్వరమునకు మందిచ్చు వైద్యుడు సైతము నోరు తెఱిపించి గొంతుక చూచి, ఆ త్రోవలోనే యున్న పుప్పిపండ్లను చూడనట్లే పంపివేయును. రెండు అరుగుల మీద రెండు పార్టీలు కూర్చుండు మన సీమలో ఇంతటి ఏకాభిప్రాయము దొరకుట అరుదు. ఈ ఏకాభిప్రాయము తప్పని నిరూపించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

పూర్వపక్షమును బలహీనముగా నిలిపి కూలద్రోయుట సులభము. అది న్యాయము కాదు. ఈ వాదమునందు బలమున్నది. పాలదంతము కదలి ఊడుటయు, దాని తావున వేఱొకటి మొలచుటయు ప్రతి తల్లియు కన్నులార చూచినదే. ఊడిన పంటిని పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరించి, క్రొత్తపన్ను చక్కగా రావలెనని కోరుకొను ఆచారము పల్లెలలో నేటికిని పూర్తిగా నశింపలేదు. వేపపుల్లతోను కానుగపుల్లతోను పండ్లు తోముకొని, దంతవైద్యుని గడప త్రొక్కక, ముదిమిలో సైతము చెఱకుగడను పండ్లతో చీల్చి తినిన తాతలు ప్రతి ఊరివారి జ్ఞాపకమునందును ఉన్నారు. దంతవైద్యుడు దూరము; ఖర్చు అధికము; కుర్చీలో కూర్చుండబెట్టినంతనే పిల్లవాని ఏడ్పు వీధి దాటి వినబడును. కావున ఈ అభిప్రాయము గలవారు అవివేకులని నేననను. వారు చూచినది సత్యమే. చూచినదానినుండి తీసిన నిర్ణయము మాత్రమే అసత్యము.

మొదట కాలమును లెక్కింతము. ఆఱవ మాసమున, ఏ మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధిలోనో బిడ్డకు అన్నప్రాశన జరుగునాటికి, క్రింది చిగుళ్లలో మొదటి పన్ను తలయెత్తుచుండును. రెండున్నర, మూడేండ్లకు ఇరువది దంతములును పూర్తియగును. వీనిలో ముందుపండ్లు ఆఱేడేండ్లకు ఊడుననుట నిజమే. కాని అన్నమును నమలునవి ముందుపండ్లు కావు. వెనుకనున్న పాలదవుడపండ్లు పది, పదకొండు, ఒక్కొక్కప్పుడు పండ్రెండేండ్ల వయస్సు వఱకును స్థానమునందే యుండి, ఎనిమిది తొమ్మిది సంవత్సరములు పిల్లవాని భోజనభారమునంతయు మోయును. ఎముక పెరుగుట, కండ పట్టుట, అక్షరములు నేర్చుట, బడిలో కూర్చుండుట అను సమస్తమును ఈ ఎనిమిది తొమ్మిదేండ్లలోనే జరుగవలసియుండగా, ఈ కాలమును తాత్కాలికమని త్రోసిపుచ్చువారు బాల్యమునే తాత్కాలికమని త్రోసిపుచ్చుచున్నారు. మఱియొక వింత చూడుడు. పై పన్ను ముందుగా మొలచినచో మేనమామకు గండమని బెదరి శాంతి చేయించువారు మనలో నున్నారు. ఆ పన్నే రెండేండ్లు తిరుగకముందు గోధుమరంగుకు మారి అంచులు విరుగుచున్నచో అది ఎవ్వరికిని గండము కాదట!

ఇక నిర్మాణమునకు వత్తము. పాలదంతము స్థిరదంతమునకు చిన్నరూపమని తలచుట పొరపాటు. దాని పైనుండు పింగాణి పొర స్థిరదంతపు పొరలో సుమారు సగము మందమే. లోపలి నరము, రక్తనాళములు గల మెత్తని భాగము మాత్రము పంటి పరిమాణమునుబట్టి చూడగా పెద్దది. ఈ రెండు కారణములచేతను పెద్దవారి పంటిలో ఏండ్లు పట్టు క్షయము పిల్లల పంటిలో నెలలలో నరము వఱకు ప్రాకును. నరము చచ్చి, వేరుకొనయందు చీము చేరినపిదప, అది అచ్చటనే నిలుచునా? పాలదంతపు వేళ్ల నడుమనే స్థిరదంతపు మొలక ఎముకలో దాగి రూపొందుచుండును. పైనుండి దిగు ఆ చీము మొలకను తాకినచో, రాబోవు పన్ను పింగాణి లోపముతో, పసుపు గోధుమ మచ్చలతో, గుంటలతో పుట్టును. ఇంగ్లండులో టర్నర్ అను దంతవైద్యుడు ఇరువదవ శతాబ్దారంభముననే దీనిని వర్ణించుటచేత ఇట్టి పంటిని నేటికిని టర్నర్ దంతమనియే పిలుచుచున్నారు. క్రొత్తది వచ్చునులే యని ఓదార్చుకొన్నవారికి వచ్చినది పుట్టుకతోనే పాతదన్నమాట.

నా వాదమునకంతటికిని ఆయువుపట్టు వేఱొకటి కలదు. ఆఱవయేట, ఉన్న దవుడపండ్ల కన్నిటికంటె వెనుక, ఏ పంటిని ఊడద్రోయక, నెత్తురు చుక్కయైన కనబడనీక, నోటికి నాలుగు మూలల నాలుగు పెద్దపండ్లు మొలచును. ఇవి పాలదంతములు కావు. వీనికి ముందు ఆ తావున మఱియొక పన్ను లేదు; వీని తరువాత మఱియొకటి రాదు. పన్ను ఊడలేదు గనుక పన్ను వచ్చినదని ఇంటిలో ఎవ్వరికిని తెలియదు. తెలిసినను, పిల్లవానికి ఆఱేండ్లే గదా, ఇదియు పాలపన్నే యని ఊహింతురు. ఈ పంటి పైతలమునందు సన్నని లోతైన గాడులు ఉండును. అందు అన్నపుమెతుకు, బిస్కట్టుపిండి ఇఱుకును. వెనుకమూలనున్నందున తోముపుల్ల గాని కుంచె గాని సరిగా చేరదు. మొలచిన రెండుమూడేండ్లలో నల్లని చుక్క పడును. పాలపన్నే! పదియేండ్లకు గుంటయగును. పాలపన్నే! పదునాలుగవయేట రాత్రియంతయు నిద్రలేక ఏడ్చిన పిల్లను బందరుకో విజయవాడకో తీసికొనిపోయినపుడు, ఇది మరల వచ్చు పన్ను కాదమ్మా యని వైద్యుడు చెప్పిన మాట విని తల్లి నిర్ఘాంతపడును. ఆ తల్లి అజాగ్రత్తపరురాలు కాదు. సమాజమంతయు ఏకకంఠముతో నేర్పిన పాఠమును ఆమె నమ్మినది; ఆ పాఠమే పాలపంటితోబాటు స్థిరదంతమును కూడ బలిగొన్నది.

దీనిని గుర్తించుటకు వైద్యవిద్య అక్కఱలేదు. ఆఱేడేండ్ల పిల్లవాని నోటిలో నడిమిగీత నుండి ఒక ప్రక్కకు లెక్కించినచో రెండు కొఱుకుడుపండ్లు, ఒక కోఱపన్ను, రెండు పాలదవుడపండ్లు, వెరసి అయిదు. ఆఱవది కనబడినచో అది స్థిరదంతము. మన పూర్వులకు ఈ భేదము తెలియనిది కాదు. ఆయుర్వేదమున బాలవైద్యమగు కౌమారభృత్యమునకు ప్రధానగ్రంథమైన కాశ్యపసంహితలో దంతజన్మము గుఱించియే ఒక అధ్యాయము కలదు. ముప్పదిరెండు దంతములలో ఎనిమిది ఒక్కమాఱే పుట్టుననియు, తక్కినవి రెండుమార్లు పుట్టుననియు అందు విభాగించిరి. నేటి శాస్త్రము ఒక్కమాఱే పుట్టునవి పండ్రెండని లెక్కించును. సంఖ్య మాఱినది గాని సూత్రము మాఱలేదు: అన్ని పండ్లును ఊడి మరల వచ్చునవి కావు. సనాతనధర్మమును నిత్యము స్మరించు మన పెద్దలు ఈ ఒక్క విషయమున మాత్రము ఆ సనాతనుల కంటె వెనుకబడుట చిత్రము.

నొప్పిపుట్టిన పాలపంటిని పీకించివేసిన సరిపోవునుగదా యని మఱికొందఱందురు. సరిపోదు. రెండవ పాలదవుడపంటిని ఆఱేడేండ్లకే తీసివేసినచో, దాని క్రింది పన్ను రావలసిన గడువు ఇంకను నాలుగైదేండ్లున్నది. వెనుకనున్న ఆఱేండ్ల పన్ను ఊరకుండదు. గట్టు చెదరిన చేనిలోనికి ఏటేట బెత్తెడు బెత్తెడు జరుగు పొరుగురైతు చందమున, అది మెల్లమెల్లగా ముందుకు ఒరిగి ఆ ఖాళీని ఆక్రమించును. తీరా హక్కుదారు వచ్చునప్పటికి తావు చాలదు; అది ఎముకలో చిక్కుపడియైన నుండును, పైకో లోనికో వంకరగా నైన మొలచును. పిదప పదునైదేండ్ల పిల్లకు తీగలు కట్టించుటకు వేలకొలది రూపాయలు అప్పుచేసి వ్యయపఱచు తండ్రియే, ఏడవయేట చిన్న పూత పూయించుటకు, లేక పన్ను తీసినచోట తావు నిలుపు చిన్న కమ్మి వేయించుటకు దండుగయని వెనుదీసినవాడు. తాతగారి కట్టుడుపండ్లకు వెచ్చించునది గౌరవమట, మనుమని పంటికి వెచ్చించునది దుబారాయట!

ఇక తాతల వాదము. వారు పందుంపుల్లతోనే పండ్లు తోమిరి, వారి పండ్లు చెడలేదు; కావున కుంచెయు వలదు, వైద్యుడును వలదు అని దీని తాత్పర్యము. పందుంపుల్లను నేను నిందింపను. కాని తాతల పండ్లను కాపాడినది పుల్ల మాత్రమే యనుటకు ఆధారమేమి? వారు తినిన తిండి యెట్టిది, దినమునకెన్ని మార్లు తినిరి యను ప్రశ్నను మనము వేసికొనము. బందరు తొక్కుడు లడ్డు అప్పుడును కలదు, బందరు హల్వాయు కలదు; శనగపిండి జంతికలను దంచి, జల్లించి, బెల్లపు పాకమును నేతిని చేర్చి మరల రోటిలో దంచిన ఆ లడ్డు పెండ్లికో పండుగకో నోటికందునది. ఉయ్యూరులో 1941 నాటికే చక్కెర కర్మాగారము వెలసినను, చక్కెర పసివాని చేతికి దినమునకు పలుమార్లు చేరుటకు మాత్రము చిల్లరకొట్టున దండలుగా వ్రేలాడు చిన్న బిస్కట్టు పొట్లములు, చాక్లెట్లు, తీపి పానీయములు రావలసివచ్చెను. నేడు నాగాయలంక రేవుకడనైనను, ఎదురుమొండి దీవిలోనైనను, అంగన్వాడీ గుమ్మము దాటి పదియడుగులు నడచినచో అవి దొరకును. తాతకు పుల్ల మిగిలినది. మనుమనికి పుల్లయు పోయినది, పైగా చక్కెర వచ్చినది.

ఎంత తిన్నామనుటకంటె ఎన్నిసార్లు తిన్నామనుటయే ప్రధానమని స్వీడను దేశమున విపెహోల్మ్ ఆసుపత్రిలో 1945 నుండి కొన్నేండ్లు జరిగిన పరిశోధన స్పష్టపఱచినది. భోజనముతోబాటు తినిన తీపికంటె, భోజనముల నడుమ పంటికి అంటుకొను మిఠాయిని మాటిమాటికి తినుట అనేకరెట్లు హానికరమని అచ్చట తేలినది. (మనోవైకల్యము గల నిస్సహాయులపై, వారి అనుమతి లేక, బుద్ధిపూర్వకముగా పండ్లు చెడగొట్టి సంపాదించిన జ్ఞానమిది, దానిని వినియోగించుకొను మనము ఆ అభాగ్యులను ఒక్కమాఱైన తలచుకొనుట ధర్మము.) కారణము దుర్గ్రాహ్యము కాదు. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లముగా మార్చును. ఒక్క చాక్లెట్టు చప్పరించిన కొద్ది నిమిషములలో ఆమ్లత్వము పెరిగి, లాలాజలము దానిని కడిగి పూర్వస్థితికి తెచ్చుటకు అరగంట, ఒక్కొక్కప్పుడు గంట పట్టును. గంటకొక మాఱు ఏదో ఒకటి నోటవేసికొను పిల్లవాని పంటికి ఊపిరి తీసికొను వ్యవధియే దొరకదు. నిద్రలో లాలాజలము మిక్కిలి తగ్గును గనుక, చక్కెర కలిపిన పాలసీసాను నోట నుంచి పండుకొనబెట్టుట అన్నిటికంటె చెడ్డది. ముందు పై పండ్లు నాలుగును వరుసగా మొదలంట కొఱికినట్లగుట తఱుచుగా ఈ సీసా పుణ్యమే.

ఇచ్చట ఒక స్థానికమైన వాదము అడ్డువచ్చును: చక్కెర చెడ్డది గాని బెల్లము మంచిది, మన బిడ్డలకు బెల్లమే పెట్టుచున్నాము అని. బెల్లములో ఇనుమును ఇతర లవణములును ఉన్నవనుట సరియే. కాని బెల్లములో అధికభాగము చక్కెరయే, ఆ సూక్ష్మజీవులకు తెలుపు నలుపుల భేదము తెలియదు. పైపెచ్చు బెల్లపుపాకము పంటికి అంటుకొని త్వరగా వదలదు. బడిభోజనముతో ఇచ్చు పల్లీచిక్కిని మానవలెనని నేననుట లేదు. బక్కచిక్కిన పిల్లలకు అది బలమే. భోజనముతోబాటు తిని, నీటితో పుక్కిలించి లేచిన పిల్లవానికి కలుగు హాని స్వల్పము. జేబులో దాచుకొని సాయంత్రము వఱకు కొఱుకుచున్నచో అదే చిక్కి శత్రువగును.

పంటిపురుగు సంగతి త్వరగా ముగింతును. వాకుడుగింజల పొగ పట్టించి పురుగులను రాల్చితిమని చూపువారు ఇంకను అక్కడక్కడ గలరు. రాలినవి పంటిలోనివి కావు. సుశ్రుతుడు దంతరోగములలో కృమిదంతకమును పేర్కొన్న మాట నిజమే గాని, కన్నులకు కనబడు పురుగు పన్నును తినుననుటను 1728లోనే ఫ్రెంచి వైద్యుడు ఫొషార్ త్రోసిపుచ్చెను. పైన చెప్పిన ఆమ్లసిద్ధాంతమును 1890లో మిల్లర్ అను దంతవైద్యుడు స్థాపించెను. ఇక బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకైన ఎఱ్ఱపండ్లపొడి పసిపిల్లల పలుచని పింగాణిని అరగదీయునవే.

ఇంతకంటె చర్చింపదగినది ఫ్లోరైడు భయము. మన ప్రాంతమున చదువుకొన్న తండ్రులే ఈ భయమునకు లోనగుచున్నారు. నల్లగొండ గారపండ్లను, వంగిన కాళ్లను పత్రికలలో చూచి, పేస్టులో ఫ్లోరైడున్నదనగానే పిల్లవాని చేతినుండి లాగివేయుదురు. అధిక ఫ్లోరైడు వలన కలుగు ఈ వ్యాధిని మనదేశమున మొదట శాస్త్రీయముగా వర్ణించినది 1937లో, నెల్లూరు జిల్లాలో. షార్టు, పండిట్, రాఘవాచారి అను మువ్వురు వైద్యశాస్త్రజ్ఞులు ఆ పని చేసిరి. ఆ కష్టము లోతుబావుల రాతినేల నీటిది. డెల్టాలోని మనము కాలువనీటితో నింపిన చెరువులనీటిని త్రాగువారము. మన భూగర్భజలముల జాడ్యము ఉప్పదనము. నదీజలమున ఫ్లోరైడు సాధారణముగా స్వల్పము, ఆ స్వల్పతయే పంటికి రక్షణ లేకుండ చేయును. ఒక సీమ విషమును తలచుకొని మఱియొక సీమ ఔషధమును పాఱవేయుట వివేకమా? మూడేండ్లలోపు బిడ్డకు పేస్టు బియ్యపుగింజంత, ఆపైన ఆఱేండ్ల వఱకు బఠాణీగింజంత. పెద్దవారు తామే వేయవలెను, ఉమ్మివేయుట నేర్పవలెను. ప్రకటనలలో కుంచె నిండుగా వంకరలు తిరుగు పేస్టు వ్యాపారికే గాని పిల్లవానికి అక్కఱలేదు. ఫ్లోరైడు పేస్టును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన దివిసీమలో పంటినొప్పి ఒక కష్టమా యని పరిహసించు పెద్దలున్నారు. వారి దుఃఖమునకు నమస్కరించియే బదులు చెప్పుచున్నాను. ఉప్పెన తరమునకొకమాఱు వచ్చును. ఈ నొప్పి ప్రతి రాత్రియు ఏదో ఒక ఇంటికి వచ్చుచున్నది. భారత దంతవైద్య మండలి 2002–03లో జరిపించిన దేశవ్యాప్త పరీక్షలో అయిదేండ్ల పిల్లలలో నూటికి 51.9 మందికి పుప్పిపండ్లున్నట్లు కనబడెను. పాలదంతక్షయము గల బాలలు లోకమున 51.4 కోట్లమందియని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసెను. నమలలేక అన్నము మ్రింగు పిల్లవాడు, నిద్రలేక బడికి వచ్చి బల్లమీద తలవాల్చు పిల్ల, దంత్యాక్షరములు నేర్వవలసిన వయస్సున ముందుపండ్లు లేక నవ్వుపాలగు పసిది, వీరందఱును ఏ ఉప్పెనలోను లెక్కకు రారు.

ప్రభుత్వమునకు ఈ విషయము తెలియదనరాదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పరీక్షింపవలసిన రోగములలో దంతక్షయమును చేర్చినది. అంగన్వాడీలకు ఏటికి రెండుమార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకమాఱు వైద్యబృందము రావలెనని నిర్ణయించినది. పట్టికలో గడి యున్నది; గడిలో గుర్తు పెట్టిన పిదప ఏమగుచున్నదన్నదే ప్రశ్న. విజయవాడ ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు పొమ్మని నాగాయలంకలోని కూలితల్లికి చెప్పుట వైద్యము కాదు; రెండు దినముల కూలి పోగొట్టుకొని ఆమె ఊడిపోవు పంటికొఱకు పోదు, ఆమెను తప్పుపట్టుటకును వీలులేదు. జపానులో సుమారు 1970 నుండి వాడుకలో నున్న సిల్వర్ డయమైన్ ఫ్లోరైడు అను ద్రవమును చిన్న కుంచెతో గుంటలో పూసినచో, మత్తు లేక, పంటిని తొలుచు యంత్రము లేక, అనేకుల పంటి క్షయము ఆగిపోవును. పుప్పిభాగము నల్లబడుట దీని ప్రధానలోపము. ఇదియు 2021 నాటి ఆ పట్టికలోనే చేరినది. కుర్చీ అక్కఱలేని ఈ చికిత్సను అంగన్వాడీ అరుగుమీదనే చేయుటకు కావలసినది కట్టడములు కాదు, పాలపంటికి చికిత్స యుండవలెనను సంకల్పము. ఆ సంకల్పమును చంపుచున్నది సర్వజనామోదము పొందిన ఆ సిద్ధాంతమే.

పిల్లవాడు తోమనీయడు, ఏడ్చునని చివరి వాదము. స్నానమునకును ఏడ్చును, తల దువ్వుటకును ఏడ్చును, వానిని మానితిమా? తల్లి ఒడిలో తల యుంచి వెల్లకిల పండుకొనబెట్టినచో పండ్లన్నియు కనబడును, పని రెండు నిమిషములలో ముగియును. ఏడెనిమిదేండ్ల వఱకు రాత్రిపూట పెద్దవారే తోమవలెను. అక్షరములు కుదురుగా వ్రాయలేని చేయి వెనుకపంటి మూలను శుభ్రపఱచజాలదు. బిడ్డకు మొదటి పుట్టినరోజు నాటికే ఒకమాఱు దంతవైద్యునికి చూపించుట మేలు. వైద్యబృందము బడికి వచ్చిన దినమున తల్లిదండ్రులు వెంటనుండి, చెడినది ఏ పన్ను, పాలదా స్థిరమైనదా? పాలదైనచో దాని క్రిందిది వచ్చుటకు ఇంక నెన్నేండ్లున్నవి? తీయవలసివచ్చినచో ఆ తావు నిలుపుటకు ఏమి చేయుదురు? అని అడుగవలెను. ఈ మూడు ప్రశ్నలు వేసిన తండ్రిని ఏ వైద్యుడును తేలికమాటతో పంపివేయలేడు.